రోల్స్ మీదా, కాంట్రాక్టా?

జనవరి 7వ తేదీకి తెలుగు ఐటీతో రెండు రకాల చుట్టరికం ఉంది. 2009లో ఆ రోజున సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు, తమ ఖాతా పుస్తకాల్లో చూపిన వేల కోట్లు అసలు లేనే లేవని లేఖ రాసి తప్పుకున్నారు. 53 వేల మంది ఉద్యోగులున్నారని చెప్పుకున్న కంపెనీ రాత్రికి రాత్రే ఊగిపోయింది. కొన్ని నెలల్లోనే దాన్ని టెక్ మహీంద్రా కొనుక్కుంది. సరిగ్గా పదకొండేళ్ల తర్వాత, 2020లో అదే తేదీన, ఆ టెక్ మహీంద్రాయే సైయంట్‌తో పాటు వరంగల్ పక్కన మడికొండలో ఆఫీసు తెరిచింది. అప్పటి ఐటీ మంత్రి కేటీఆర్ రెండింటికీ రిబ్బన్ కత్తిరించారు. 2023లో క్వాడ్రంట్ కూడా అక్కడికే వచ్చింది.

ఓరుగల్లు వాళ్లకు ఇది చిన్న సంగతి కాదు. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆర్‌ఈసీ, అంటే ఇప్పటి ఎన్‌ఐటీ ఉన్న ఊరిది. కిట్స్‌తో మొదలై చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలు బోలెడు. చదువు ఇక్కడ, కొలువు మాత్రం మాదాపూర్‌లోనో బెంగళూరులోనో. శుక్రవారం రాత్రి ఉప్పల్‌లో బస్సెక్కి, సోమవారం తెల్లవారుజామున కాజీపేటలో రైలు పట్టుకునే పిల్లల తల్లిదండ్రులకు మడికొండ ఒక ఆశ. ఆ ఆఫీసులు తెరిచిన రెండున్నర నెలలకే లాక్‌డౌన్ వచ్చి అందరినీ ఇళ్లకు పంపింది, అది వేరే కథ.

ఆఫీసు దగ్గరికి రావడం ఒకటి, ఉద్యోగం దగ్గరికి రావడం ఇంకొకటి. ఈ తేడా మొదట పట్టుకున్నది ఆర్థికవేత్తలు కాదు, పెళ్లిసంబంధాలు చూసే పెద్దలు. ఒకప్పుడు అబ్బాయి ఏ కంపెనీ అని అడిగి ఊరుకునేవారు. ఇప్పుడు రెండో ప్రశ్న కూడా వేస్తున్నారు: కంపెనీ రోల్స్ మీదా, కాంట్రాక్టా? పేరోల్ ఎవరిది?

ఆ ప్రశ్నకు జవాబు ఒక్క ముక్కలో రాదు. కాంట్రాక్టు మీద పనిచేసే కుర్రాడి దగ్గరున్న కాగితాలు ఒకచోట పరిచి చూస్తే విషయం తెలుస్తుంది. మెడలో వేలాడే కార్డు మీద పెద్ద కంపెనీ పేరుంటుంది, కానీ తాడు రంగు వేరు. పే స్లిప్పు మీద ఇంకో కంపెనీ పేరు, చాలాసార్లు ఇంట్లో వాళ్లెవరూ వినని పేరు. పీఎఫ్ జమ చేసేది ఆ రెండో కంపెనీయే. ఆఫర్ లెటర్‌లో ఎక్కడో మూడో పేజీలో, ఈ నియామకం ఫలానా ప్రాజెక్టు ఉన్నంతవరకే అన్న వాక్యం ఉంటుంది. అసలు పని ఏ అమెరికన్ బ్యాంకుకో, బీమా కంపెనీకో. మధ్యలో ఒక్క ఏజెన్సీ ఉంటే అదృష్టమే. ప్రైమ్ వెండర్, వాళ్ల కింద సబ్ వెండర్, ఆ కింద అమీర్‌పేటలో రెండు గదుల కన్సల్టెన్సీ, ఇలా మెట్లుంటాయి. క్లయింటు గంటకింత అని ఇచ్చే డబ్బులో ఒక్కో మెట్టూ తన వాటా తీసుకుంటే, చివరి మెట్టు మీద ఉన్నవాడికి అడుగున మిగిలింది చేరుతుంది.

పని చెప్పేదొకరు, జీతమిచ్చేది ఇంకొకరు, వద్దనేది మూడోవారు. ఐటీలో కాంట్రాక్టు అభద్రతకు మూలం ఇదే. మాంద్యం వచ్చినప్పుడే పుట్టేది కాదిది, బాగున్న రోజుల్లోనూ ఉంటుంది. క్లయింటు పర్చేజ్ ఆర్డర్ ఇచ్చేదే మూడు నెలలకో ఆరు నెలలకో. అది ముగిసే వారం వచ్చిందంటే టీమ్‌లో అందరూ అడిగే మాట ఒక్కటే: ‘ఎక్స్‌టెన్షన్ వచ్చిందా?’ రాకపోతే దాన్ని తొలగింపు అని కూడా అనరు. ‘రిలీజ్ చేశారు’ అంటారు. లాప్‌టాప్ అప్పజెప్పి రావడమే. పర్మనెంట్ ఉద్యోగికి చాలా కంపెనీల్లో 90 రోజుల నోటీసు పీరియడ్ ఉంటుంది, దాన్ని తిట్టుకోని ఇంజినీరు లేడు. కాంట్రాక్టులో అది పదిహేను రోజులో, నెలో. నాలుగు రాళ్లు కలిసొచ్చే చోటికి మారాలంటే అదే సుఖం, అనుకోకుండా బయటపడితే అదే గండం.

కంపెనీలకు ఇందులో లాభం స్పష్టం. పని పెరిగితే మనుషుల్ని తెచ్చుకోవచ్చు, తగ్గితే వదిలించుకోవచ్చు. పైగా పేపర్లో పడదు. 2025 జూలైలో టీసీఎస్ 12 వేలకు పైగా ఉద్యోగులను తగ్గించుకుంటామంటే దేశమంతా గగ్గోలు పెట్టింది. పెట్టాల్సిందే. కానీ పెద్ద కంపెనీలు మూడు నెలలకోసారి ప్రకటించే సిబ్బంది సంఖ్యలో సొంత ఉద్యోగులే ఉంటారు. ఏజెన్సీ మనిషి చేరినప్పుడు ఆ లెక్కలో కనపడలేదు కాబట్టి, వెళ్లినప్పుడూ కనపడడు.

వరంగల్‌కు ఈ పద్ధతి కొత్త అనుకుంటే పొరపాటు. నిజాం కాలంలో, 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు ఈ ఊరికి కొన్ని తరాల పాటు అన్నం పెట్టింది. 1974లో జాతీయ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి వెళ్లి, 2002లో మూతపడింది. దేశంలోని బట్టల మిల్లులన్నిటా బదిలీ కార్మికులని ఒక తరగతి ఉండేది. షిఫ్టు సైరన్‌కు ముందే వచ్చి గేటు దగ్గర నిలబడాలి. పర్మనెంట్ కార్మికుడెవరైనా రాకపోతే ఆ మగ్గం మీద ఆ పూట పని, అందరూ వస్తే ఇంటికి. ప్రాజెక్టు కోసం బెంచి మీద కూర్చునే ఇంజినీరుకు అతను వరసకు తాతే అవుతాడు.

అయితే తాతకు చట్టంలో ఒక చోటుంది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం 25సి సెక్షన్ బదిలీ కార్మికుణ్ని ప్రత్యేకంగా పేర్కొంది. ఏడాది పాటు ఎడతెగకుండా పనిచేస్తే అతన్ని ఇక బదిలీ కింద లెక్కగట్టకూడదని చెప్పింది. ఎవరి పేరు మస్టర్ రోల్‌లో ఉందో, ఎవరి మగ్గం ఖాళీ అయిందో, గేటు తీసేది ఎవరో ఊరందరికీ తెలుసు. యజమాని ఒక్కడే. మనవడి విషయంలో ఆ ఒక్క ముక్క తేలకే సగం హక్కులు గాల్లో ఉన్నాయి.

ఐటీ వాళ్లకు కార్మిక చట్టాలు వర్తించవన్న మాట ఆఫీసు క్యాంటీన్లలో వేదవాక్కులా చెలామణి అవుతుంది. అది సగమే నిజం. తెలంగాణలో ఐటీ సంస్థలకు దుకాణాలు, సంస్థల చట్టంలోని పని గంటలు, సెలవుల వంటి కొన్ని సెక్షన్ల నుంచి మినహాయింపు ఉంది, అదీ ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచి పొడిగిస్తూ వచ్చిందే. కానీ ఆరు నెలలు పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా, నెల నోటీసో నెల జీతమో ఇవ్వకుండా తీసేయకూడదన్న 47వ సెక్షన్ ఆ మినహాయింపుల జాబితాలో లేదు. సాంకేతిక పని చేసేవారు కూడా పారిశ్రామిక చట్టం కింద కార్మికులే, మేనేజర్లు కాకపోతే చాలు. 2015లో టీసీఎస్ తొలగించిన ఇంజినీరు ఒకరు ఈ వాదనతోనే చెన్నై లేబర్ కోర్టులో పోరాడారు. ఆయన్ను తిరిగి తీసుకోవాలని 2022లో తీర్పు వచ్చింది. గెలవడానికి ఏడేళ్లు పట్టింది, ఇంటి ఈఎంఐ ఉన్నవాళ్లకు అది ఎన్ని యుగాలో వేరే చెప్పనక్కర్లేదు.

అందుకే కంపెనీలు తీసేయడం కంటే రాజీనామా చేయించడానికే ఇష్టపడతాయి. 2017 జూలైలో టెక్ మహీంద్రా హెచ్‌ఆర్ ఫోన్ కాల్ ఒకటి బయటికొచ్చి సంచలనమైంది. మర్నాడు ఉదయం పదింటికల్లా రాజీనామా పెట్టాలని ఉద్యోగికి చెప్పడం అందులో వినపడింది. ఆనంద్ మహీంద్రా స్వయంగా క్షమాపణ చెప్పారు. ఆ గడబిడంతా ఎందుకంటే, రిట్రెంచ్‌మెంట్ అయితే నోటీసు, సర్వీసుకు తగ్గ పరిహారం ఇవ్వాలి. మనిషే వెళ్లిపోతానంటే ఏమీ అక్కర్లేదు. కాంట్రాక్టు ఉద్యోగికి ఆ ఫోన్ కాల్ ఖర్చు కూడా దండగే, తేదీ దాటితే చాలు.

కాంట్రాక్టు లేబర్ చట్టం 1970లోనే వచ్చింది. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న ప్రధాన యజమాని చెల్లించాలని అందులో స్పష్టంగా రాశారు. పీఎఫ్‌కూ అదే సూత్రం. అయితే ప్రభుత్వం ఒక పనిలో కాంట్రాక్టు పద్ధతిని నిషేధించినంత మాత్రాన కార్మికులు దానంతటదే ప్రధాన యజమాని ఉద్యోగులైపోరని 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. జీతం రాబట్టుకోవచ్చు, ఉద్యోగం మాత్రం కాదన్నమాట.

ఆ 1947, 1970 చట్టాలతో పాటు మరికొన్నిటి స్థానంలో 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వీటిలో ఐటీ వాళ్లు గుర్తుంచుకోవాల్సినవి కొన్నున్నాయి. నియామక పత్రం తప్పనిసరి. ఉద్యోగం మానేసినా, తీసేసినా జీతం లెక్క రెండు పనిదినాల్లో తేల్చాలి. ‘ఫుల్ అండ్ ఫైనల్’ కోసం నెలన్నర ఎదురుచూసే అలవాటున్న చోట ఇది పెద్ద మార్పే, జరిగితే. కంపెనీయే నేరుగా నిర్ణీత కాలానికి తీసుకున్న ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగికి ఐదేళ్లు ఆగకుండా ఏడాదికే గ్రాట్యుటీ అర్హత వచ్చింది. ఇక్కడే మెలిక. ఫిక్స్‌డ్ టర్మ్ వేరు, ఏజెన్సీ కాంట్రాక్టు వేరు. మొదటిదాంట్లో పర్మనెంట్ వాళ్లతో సమానంగా సౌకర్యాలివ్వాలి. ఇక కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు వర్తించడానికి కనీస సంఖ్య 20 నుంచి 50కి పెరిగింది. అంటే ఇరవై, నలభై మందితో నడిచే చిన్న ఏజెన్సీలు ఆ గీత కిందికి జారిపోయాయి. చివరి మెట్టు మీద ఉండేవి అవే.

ప్రభుత్వమైనా ఇందుకు భిన్నంగా ఉందా అంటే, అదీ లేదు. తెలంగాణలో తహసీల్దారు ఆఫీసుల్లో కంప్యూటర్ ముందు కూర్చుని భూముల లెక్కలు ఎక్కించే ఆపరేటర్లు చాలావరకు ఔట్‌సోర్సింగ్ వాళ్లే. 2020 అక్టోబరులో భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. 2024 చివర్లో దాని నిర్వహణ ప్రైవేటు సంస్థ నుంచి ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీకి మారింది. 2025 ఏప్రిల్‌లో భూభారతి అయింది. పోర్టల్ పేరు మారుతుంది, ఏజెన్సీ మారుతుంది, కుర్చీలో మనిషి కొనసాగుతాడో లేదో ఏ జీవోలోనో తేలాలి. 2021 జూన్‌లో ఔట్‌సోర్సింగ్ వేతనాలను 30 శాతం పెంచినప్పుడు పోస్టును బట్టి 15,600, 19,500, 22,750 రూపాయలుగా మూడు శ్రేణులు పెట్టారు. ఆంధ్రప్రదేశ్ 2020 జూలైలో ఏజెన్సీలను పక్కనబెట్టి ఆప్కాస్ అనే సొంత సంస్థను నిలబెట్టింది. జీతంలో దళారీ కోత ఆగింది గానీ, ఉద్యోగం పర్మనెంట్ కాలేదు.

హనుమకొండ ఇళ్లలో ఈ బెంగ సముద్రం దాటి కూడా వస్తుంది. తెలుగు ఐటీ కాంట్రాక్టు వ్యవస్థను దగ్గరగా చూసి పుస్తకం రాసింది ఒక చైనా మానవశాస్త్రవేత్త. షియాంగ్ బియావో 2000 ప్రాంతంలో సిడ్నీలోనూ హైదరాబాద్‌లోనూ తిరిగి, మనవాళ్లు నడిపే ‘బాడీ షాపు’ల లోగుట్టు పరిశోధించాడు. ఆ పుస్తకం 2007లో వచ్చింది. కుర్రాళ్లను బెంచి మీద పెట్టి జీతం ఎగ్గొట్టడం మొదలు, కట్నాలు ఈ వలసలకు పెట్టుబడి కావడం దాకా అందులో ఉన్నాయి. అమెరికాలో హెచ్1బీ ఉద్యోగికి బెంచి మీదున్నా జీతమివ్వాలని చట్టం. ఉద్యోగం పోతే ఇంకొకటి వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులు. కాంట్రాక్టు ముగిసిందని ఫోన్లో చెప్పిన కొడుకు గొంతు విని, ఇక్కడ తండ్రి క్యాలెండర్ ముందు నిలబడేది అందుకే.

అక్కడి దిగ్గజాలూ ఇదే బాటలో ఉన్నాయి. 2019లో గూగుల్‌లో సొంత ఉద్యోగులు సుమారు 1,02,000 మంది అయితే, తాత్కాలిక, కాంట్రాక్టు వాళ్లు 1,21,000 మంది అని న్యూయార్క్ టైమ్స్ రాసింది. ఉద్యోగికి తెల్ల బ్యాడ్జి, వీళ్లకు ఎర్ర బ్యాడ్జి. మైక్రోసాఫ్ట్‌లో వెండర్ మనిషి ఈమెయిల్ ముందు ‘వీ’ అక్షరం, ఒక చిన్న గీత ఉంటాయి. ఏళ్ల తరబడి ఉద్యోగుల్లాగే పనిచేశాం, మాకూ హక్కులున్నాయని అక్కడి తాత్కాలిక సిబ్బంది 1990ల్లో కేసు వేశారు. కంపెనీ 2000లో 9 కోట్ల 70 లక్షల డాలర్లకు రాజీ పడింది. ఆ దెబ్బతో తాత్కాలిక సిబ్బంది వరసగా ఎన్నాళ్లు ఉండొచ్చో పరిమితి పెట్టి, మధ్యలో తప్పనిసరి విరామం తెచ్చింది. 2014 నుంచి అది పద్దెనిమిది నెలల పని, ఆరు నెలల ఎడం. గెలిచిన కేసు తర్వాతి వాళ్లకు ఆరు నెలల ఖాళీ తెచ్చిపెట్టిన వైనం ఇది.

మళ్లీ మన గడపలోకి వస్తే, చేరేముందే చూసుకోదగ్గవి ఉన్నాయి. ఉద్యోగానికి ముందుగా లక్షో రెండు లక్షలో డిపాజిట్ అడిగిన కన్సల్టెన్సీ ఎప్పుడైనా బోర్డు తిప్పేయొచ్చు, మాదాపూర్ పోలీసులకు ఈ ఫిర్యాదులు కొత్త కావు. ఫామ్ 26ఏఎస్‌లో పన్ను కోత 192 కింద కాకుండా 194జె కింద కనిపించిందంటే, పాత ఆదాయపు పన్ను చట్టం లెక్కలో ఆ మనిషి ఉద్యోగే కాదు, ఫీజు తీసుకునే నిపుణుడు. అలాంటప్పుడు పీఎఫ్ ఉండదు, గ్రాట్యుటీ ఉండదు. పీఎఫ్ ఉందని చెప్పినచోట యూఏఎన్‌తో పాస్‌బుక్ తెరిచి చూడటం ప్రతి నెలా చేయాల్సిన పని. గత నెల సొమ్ము 15వ తేదీకల్లా జమ కావాలి. ఆఫీసులో అంతా మామూలుగానే ఉన్నట్టనిపించినా, పే స్లిప్పులో కోసిన డబ్బు వరసగా రెండు నెలలు పాస్‌బుక్‌లో పడలేదంటే ఏజెన్సీ చేతిలో డబ్బు ఆడటం లేదని అర్థం. పీఎఫ్ ఆఫీసుకు ఫిర్యాదు పంపాల్సిందీ, రెజ్యూమె దుమ్ము దులపాల్సిందీ అప్పుడే, ఎక్స్‌టెన్షన్ రాలేదన్న మెయిల్ వచ్చాక కాదు.