బాలింత దగ్గర దాచే కబురు

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ విభాగంలో) ఉంచినప్పుడు, బయట కుర్చీల్లో కూర్చున్న పెద్దవాళ్ల నోట ఎక్కువగా వినిపించే మాట ‘అమ్మాయికి ఇప్పుడే చెప్పకండి’ అన్నది. బిడ్డకు మళ్లీ వెంటిలేటర్ పెట్టారనో, పాలు ఆపేశారనో, రక్తం ఎక్కించాలనో డాక్టరు చెప్పి అటు వెళ్లగానే, ఆ సంగతి బాలింత చెవిన పడకుండా చూడటమే ఇంట్లోవాళ్లకు మొదటి పని అయిపోతుంది. ఇందులో కపటం ఏమీ లేదు. పచ్చి బాలింత, కుట్లు ఇంకా మానలేదు, బెంగ పెట్టుకుంటే పాలు పడవు అన్న భయంతోనే దాస్తారు. కానీ ఈ దాపరికం తల్లిని కాపాడటం లేదు, పైగా బిడ్డకు దక్కాల్సిన సాయాన్ని దూరం చేస్తోంది. ఆస్పత్రిలో గడిచే ఆ వారాల్లో ఎదురుదెబ్బలు తగులుతాయని తల్లికి మొదట్లోనే చెప్పాలి. తగిలిన రోజున నిజం చెప్పాలి. చెప్పి ఊరుకోకుండా బిడ్డ పని ఏదో ఒకటి ఆమె చేతికి అప్పగించాలి. ఇది దయతో చేసే అదనపు సాయం కాదు, వైద్యంలో భాగం.

37 వారాలు నిండకముందే పుట్టినవాళ్లను నెలలు నిండని పిల్లలుగా లెక్కిస్తారు. 2020లో ప్రపంచం మొత్తం మీద ఇలా పుట్టినవాళ్లు సుమారు 1 కోటి 34 లక్షల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో 30 లక్షల మంది మన దేశంలోనే పుట్టారు. వీళ్లలో ఎక్కువమంది 32 వారాలు దాటాక పుట్టినవాళ్లే కాబట్టి చాలామంది తొందరగానే ఇంటికి వెళ్తారు. అసలు పరీక్ష అంతకన్నా ముందు పుట్టిన పిల్లల అమ్మానాన్నలకు. రెండు నెలలు, ఒక్కోసారి మూడు నెలలు ఆస్పత్రే ఇల్లవుతుంది. ఆ కాలమంతా బిడ్డ రోజురోజుకూ కాస్త కాస్త కోలుకుంటుందనే అనుకుంటాం. పెద్దవాళ్లు జబ్బుపడి లేచే తీరు అదే కాబట్టి అలా అనుకోవడం సహజం. కానీ ఈ బిడ్డకు వచ్చింది జబ్బు కాదు, ఎదగాల్సినవి ఇంకా ఎదగలేదంతే. ఊపిరితిత్తుల్లో గాలి గదులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ చాలినంత తయారవలేదు. ఊపిరి తీసుకొమ్మని ఆజ్ఞ ఇచ్చే మెదడు భాగం పక్వానికి రాలేదు. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం ఈ మూడింటినీ కలిపి చేసే నేర్పు 32, 34 వారాల దాకా కుదరదు. ఒక్కో అవయవం ఒక్కో వేగంతో ఎదుగుతుంది. అందుకే నిన్న ఊపిరి బాగుందంటే ఇవాళ పేగు కూడా బాగుండాలని లేదు.

అన్నిటికన్నా ఎక్కువగా హడలగొట్టేది ఆప్నియా, అంటే ఊపిరి కాసేపు ఆగిపోవడం. మానిటర్ మీద ఆక్సిజన్ అంకె 94 నుంచి 88కి, 80కి, 71కి జారుతుంది. అలారం మోగుతుంది. వెంటనే గుండె వేగం చూపే అంకె కూడా పడిపోతుంది. బిడ్డ కదలదు, పెదవుల చుట్టూ రంగు మారుతుంది. నర్సు ఇంక్యుబేటర్ గుండ్రటి కిటికీలోంచి చెయ్యి పెట్టి అరికాలిని వేలితో తడుతుంది. బిడ్డ ఉలిక్కిపడి ఊపిరి తీస్తుంది, అంకెలు మళ్లీ పైకెక్కుతాయి. నర్సు టైము రాసుకుని పక్క బిడ్డ దగ్గరకు వెళ్లిపోతుంది. చూస్తున్న తల్లికి మాత్రం ఆ రాత్రంతా ఆ అంకెలే కళ్ల ముందు తిరుగుతాయి. 28 వారాలలోపు పుట్టిన పిల్లల్లో దాదాపు అందరికీ ఇలా ఊపిరి ఆగి ఆగి వస్తుంది. కాఫీలో ఉండే కెఫీన్‌నే మందుగా ఇచ్చి దీన్ని అదుపులో పెడతారు. చాలామందిలో, కడుపులో గడిపిన వారాలతో కలిపి 36, 37 వారాల వయసు వచ్చేసరికి తగ్గిపోతుంది. ఇంటికి పంపే ముందు వరసగా 5 నుంచి 7 రోజులు ఆప్నియా రాకుండా ఉండాలని చాలా ఆస్పత్రులు చూస్తాయి. నాలుగో రోజున ఒక్కసారి వచ్చిందంటే లెక్క మళ్లీ మొదటికి. అప్పటికే బంధువులకు ఫోన్లు చేసి, ఇల్లు కడిగించి, బారసాలకు ముహూర్తం అడిగిన కుటుంబం ఒక్కసారిగా కుంగిపోతుంది. డాక్టరు దృష్టిలో అది చిన్న విషయం. ‘ఇలా కావచ్చు’ అని ముందు ఎవరూ చెప్పకపోవడం వల్లే ఇంట్లోవాళ్లకు అది పెద్ద దెబ్బ అయింది.

మిగతా వాటిలోనూ ఇదే వరస. పుట్టిన మొదటి వారంలో బిడ్డ బరువు పదో వంతు దాకా, కొందరిలో ఇంకాస్త ఎక్కువే తగ్గుతుంది. పుట్టినప్పటి బరువుకు మళ్లీ రావడానికి రెండు వారాలు పడుతుంది. ఆ తర్వాత కూడా పెరిగేది రోజుకు కిలోకి 15, 20 గ్రాములే. ఒంటి మీది ట్యూబు, తడిసిన డైపర్ చాలు ఆ అంకె అటూ ఇటూ కావడానికి. అందుకే బరువును రోజు రోజూ కాకుండా వారం వారం పోల్చి చూసుకోవాలి. కిలో బరువున్న బిడ్డ ఒంట్లో ఉండే రక్తం మొత్తం కలిపి ఓ చిన్న టీ గ్లాసెడు, అంటే 80, 90 మిల్లీలీటర్లు. పరీక్షల కోసం చుక్క చుక్కగా తీసినదే కొన్నాళ్లకు లోటవుతుంది కాబట్టి రక్తం ఎక్కించాల్సి రావడం మామూలే. పొట్ట ఉబ్బిందని పాలు ఆపేయడం ఇంతకన్నా జాగ్రత్తగా చూడాల్సిన సంగతి. కొన్నిసార్లు అది పేగు ఇంకా అలవాటు పడకపోవడమే అయినా, కొన్నిసార్లు పేగు దెబ్బతినే ప్రమాదకరమైన జబ్బుకు మొదలు కావచ్చు. అందుకే డాక్టర్లు ముందు పాలు ఆపి, తర్వాత పరీక్షిస్తారు.

మొదట్లోనే ఇవన్నీ చెబితే తల్లి బెదిరిపోదా అని అడుగుతారు. ఈ సందేహాన్ని తీర్చే అధ్యయనం ఒకటుంది. అమెరికాలో 260 కుటుంబాలతో చేసి, 2006లో ప్రచురించారు. బిడ్డ ఎలా ఉంటుంది, ఎలా ప్రవర్తిస్తుంది, తాము చేయగలిగింది ఏమిటి అన్నవి కొందరు తల్లిదండ్రులకు తొలి రోజుల నుంచే విడతలుగా వివరించారు, చేయించారు. మిగతావాళ్లకు మామూలు సమాచారమే ఇచ్చారు. వివరం తెలిసిన తల్లుల్లో ఆందోళన, కుంగుబాటు తక్కువగా కనిపించాయి. వాళ్ల పిల్లలు సుమారు 4 రోజులు ముందుగా ఎన్‌ఐసీయూ నుంచి బయటపడ్డారు. అంటే తెలియడం వల్ల భయం పెరగలేదు, తగ్గింది. ఎంత దాచినా తల్లికి ఏదో జరిగిందని తెలుస్తూనే ఉంటుంది. భర్త ఫోన్ పక్కకు తీసుకెళ్లి మాట్లాడటం, అత్తగారు కళ్లు తుడుచుకోవడం ఆమె చూస్తుంది. కారణం తెలియకుండా కనిపించే ఆ గుర్తులు నిజం కన్నా ఎక్కువ భయపెడతాయి. పైగా ఒకసారి దాచారని తెలిశాక, ‘ఇవాళ బాగానే ఉంది’ అన్న నిజమైన మాటను కూడా ఆమె నమ్మలేదు.

బెంగతో పాలు ఎండిపోతాయన్న మాటలో కొంత నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయకూడదు. మనసు బాగా కలత చెందినప్పుడు పాలు దిగడం కాసేపు ఆలస్యమవుతుంది. అయితే పాల ఉత్పత్తి నిలిచేది రొమ్ము ఖాళీ అవుతూ ఉండటం మీద. రోజుకు 8 సార్లయినా, రాత్రిపూట కూడా వదలకుండా పిండుతూ ఉంటే పాలు నిలబడతాయి. బిడ్డకు పాలు ఆపేసిన రోజునే తల్లి పిండటం కూడా మానేస్తే మాత్రం నిజంగానే తగ్గిపోతాయి. తల్లికి నిజం చెప్పకపోతే జరిగేది అదే. ‘ఇప్పుడు పాలు అక్కర్లేదట’ అన్న మాట ఒక్కటే ఆమెకు చేరుతుంది. ‘పేగుకు కొన్నాళ్లు విశ్రాంతి ఇస్తున్నారు, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు నీ పాలే అన్నిటికన్నా మంచివి, పిండి దాచు’ అని చెప్పేవాళ్లు ఉండాలి. పేగు జబ్బు రాకుండా కాపాడటంలో తల్లిపాలకు సాటి లేదు. మధ్యలో లోటు వస్తే హైదరాబాద్ నిలోఫర్ ఆస్పత్రిలో 2017లో మొదలైన ‘ధాత్రి’ లాంటి తల్లిపాల బ్యాంకులు ఆదుకుంటాయి.

తల్లిని లోపలికి రానిస్తే ఇన్ఫెక్షన్ వస్తుందన్నది చాలా ఏళ్లుగా ఆస్పత్రుల వాదన. దీనికి జవాబు మన దేశం నుంచి కూడా వచ్చింది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రితో పాటు ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాల్లోని నాలుగు ఆస్పత్రుల్లో, 1 కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువుతో పుట్టిన పిల్లలను పుట్టగానే తల్లి గుండెల మీద చర్మానికి చర్మం తగిలేలా ఉంచి చూశారు. తల్లులు ఎన్‌ఐసీయూలోనే మంచాలు వేసుకుని రోజుకు దాదాపు 17 గంటలు అలా ఉన్నారు. మామూలు పద్ధతిలో నెల లోపు చనిపోయిన పిల్లలు నూటికి 15.7 మంది, ఈ పద్ధతిలో 12 మంది. ఇన్ఫెక్షన్ అనుమానాలు కూడా తగ్గాయి. ఫలితం ఇంత స్పష్టంగా తేలడంతో అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. 2021లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్ ఎడ్గార్ రే మొదలుపెట్టిన కంగారూ పద్ధతి ఇదే. కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 26 ఎన్‌ఐసీయూల్లో చేసిన మరో అధ్యయనంలో, అమ్మానాన్నలే బిడ్డ పనులు చేసిన చోట పిల్లల బరువు బాగా పెరిగింది, పెద్దవాళ్ల ఒత్తిడి తగ్గింది. మన దేశంలోనూ 2017లో కేంద్ర ఆరోగ్య శాఖ కుటుంబాన్ని ఈ సేవల్లో భాగం చేయాలని మార్గదర్శకాలు ఇచ్చింది. చేతులు కడుక్కోవడం నేర్పి డైపర్ మార్చనివ్వడానికి, ట్యూబు ద్వారా పాలు పట్టేటప్పుడు ఆ సిరంజిని తల్లిని పట్టుకోనివ్వడానికి పెద్ద ఖర్చేమీ కాదు. నర్సులు చాలని ప్రభుత్వ వార్డుల్లో అది నర్సుకూ సాయమే. బిడ్డ వెనక్కి తగ్గిన రోజున తల్లి చేతిలో పని ఉండటం వేరు, గోడ పక్కన నిలబడి ఏడవడం వేరు.

మన ఇళ్లలో ఈ బాధను రెట్టింపు చేసేది ఇంకొకటి ఉంది. ఏడో నెల పిల్ల బతుకుతుంది గానీ ఎనిమిదో నెల పిల్ల బతకదన్న నమ్మకం. ఇది మనది మాత్రమే కాదు, ప్రాచీన గ్రీకు వైద్యులూ ఇలాగే నమ్మారు. హిప్పొక్రేట్స్ పేరుతో వచ్చిన గ్రంథాల్లో ఎనిమిదో నెల బిడ్డ మీదే ఒకటుంది. నిజం దీనికి పూర్తిగా తలకిందులు. కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు బలమే. కానీ ఎనిమిదో నెలలో కన్న తల్లికి, బిడ్డకు చిన్న ఎదురుదెబ్బ తగిలినా ‘అన్నట్టే అయింది’ అన్న చూపులు ఎదురవుతాయి. ప్రయాణం చేసిందని, బరువులెత్తిందని, మెట్లెక్కిందని నిందలు మొదలవుతాయి. చాలా కాన్పులు ముందే ఎందుకు అయ్యాయో డాక్టర్లు కూడా తేల్చి చెప్పలేరు. ఆ మాట డాక్టరు నోటితోనే అత్తింటివాళ్ల ముందు చెప్పించడం, తల్లికి రాసిచ్చే ఐరన్ మాత్రలంత అవసరం.

ఎదురుదెబ్బలు మామూలే అంటూ పోతే ఆస్పత్రి నిర్లక్ష్యం కూడా అందులో కలిసిపోదా? ఇది గట్టి అభ్యంతరం. ఊపిరి ఆగి రావడం, పాలు అరగకపోవడం ఎదుగుదలలో భాగం. శుభ్రం లేని చేతుల ద్వారా వచ్చే ఇన్ఫెక్షన్ అలాంటిది కాదు, దాన్ని చాలావరకు ఆపవచ్చు. ఏది ఏదో తెలియాలంటే అడగాలి. ఏం జరిగింది, దానికి ఇప్పుడేం చేస్తున్నారు, రేపటికి దేన్ని బట్టి మెరుగో కాదో తెలుస్తుంది అని రోజూ ఒకే సమయానికి, వీలైతే తల్లీ తండ్రీ కలిసి అడిగితే చాలు. ఇలా అడిగేవాళ్లను విసుక్కునే చోట్లు ఉన్నాయి. అయినా అడగాలి. కాన్పు ఒక ఊళ్లో అయి, బిడ్డను అంబులెన్స్‌లో ఇంకో ఊరికి తరలించినప్పుడు తండ్రి ఫోనే తల్లికి దిక్కు. అప్పుడు స్పీకర్ పెట్టి డాక్టరు మాట నేరుగా వినిపించడం, వీడియోలో బిడ్డను చూపించడం చేయాలి. ఇది తండ్రికీ మేలే, ఎందుకంటే బిల్లులు కట్టి, రక్తం కోసం తిరిగి, దుఃఖం మింగి, ఇంటికి ఫోన్ చేసి ‘అంతా బాగుంది’ అని చెప్పే మనిషి ఎన్నాళ్లు నిలబడగలడు?

బిడ్డ దక్కదని డాక్టర్లు చెప్పే రోజు సంగతి ఏమిటి? అప్పుడైనా దాచాలి కదా అంటారు. ఆ రోజునే అసలు దాచకూడదు. మిగిలిన గంటల్లో బిడ్డను ఒళ్లోకి తీసుకునే హక్కు తల్లిది. తర్వాత ఎవరూ ఆ గంటలను తిరిగి ఇవ్వలేరు. అలాంటి రోజులు మునుపటి కన్నా బాగా తగ్గాయన్నది కూడా ఆమెకు చెప్పవలసిన నిజమే. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనడీ కొడుకు పాట్రిక్ ఐదున్నర వారాలు ముందుగా, 2 కిలోలకు పైగా బరువుతో పుట్టి, సర్ఫాక్టెంట్ చాలని ఊపిరితిత్తులతో రెండో రోజే చనిపోయాడు. దేశాధ్యక్షుడి దగ్గరే అప్పుడు మందు లేదు. 1980లో జపాన్ డాక్టర్ ఫుజివారా బృందం బయటి నుంచి సర్ఫాక్టెంట్ ఇచ్చి చూపించింది. ఇప్పుడది మన నగరాల ఆస్పత్రుల్లో మామూలు మందు. కాన్పు ముందే తల్లికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లతో బిడ్డ ఊపిరితిత్తులు ముందుగానే సిద్ధమవుతాయి.

డిశ్చార్జి అయ్యాక కూడా దెబ్బ తగలవచ్చని ఇంటికి పంపేటప్పుడే చెప్పాలి. జలుబుతో మళ్లీ చేర్చాల్సి రావచ్చు. ఎన్‌ఐసీయూలో ఉన్నన్నాళ్లూ గట్టిగా కనిపించిన తల్లి ఇంటికి వచ్చాక నిద్రపట్టక, బిడ్డ ఊపిరి గంటకోసారి చూసుకుంటూ కుంగిపోవడం కనబడితే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయాలి, తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. కంటి పరీక్షను మాత్రం మరిచిపోకూడదు. 2 కిలోల లోపు బరువుతో గానీ 34 వారాల లోపు గానీ పుట్టిన బిడ్డకు రెటీనా పరీక్ష 30 రోజులు నిండే లోపే జరగాలి, ఇంకా ముందుగా, తక్కువ బరువుతో పుట్టినవాళ్లకు 2, 3 వారాలకే చేయాలి. ఒక్క పరీక్షతో అయిపోదు, కంటి డాక్టరు చాలన్నదాకా మళ్లీ మళ్లీ చూపించాలి. లేజర్ అవసరమని తేలితే రెండు మూడు రోజుల్లోనే చేయించాలి, ముహూర్తం చూసుకునేంత గడువు ఉండదు. తర్వాతి పరీక్ష ఏ తేదీన అన్నది డిశ్చార్జి కాగితం మీద రాయించుకుని, ఆ కాగితాన్ని తల్లి చేతికే ఇవ్వాలి.