క్లోజపిన్: కనిపెట్టుకుని ఉండవలసిన మందు

లేని మాటలు చెవిన పడటం, ఎవరో తనకు కీడు తలపెట్టారన్న నమ్మకం ఎంత చెప్పినా చెదరకపోవడం, ఆలోచనల పొంతన తప్పడం, మనుషులకూ పనులకూ క్రమంగా దూరమైపోవడం స్కిజోఫ్రీనియా వ్యాధి ముఖ్య లక్షణాలు. ఈ వ్యాధికి రెండు వేర్వేరు మందులను తగిన మోతాదులో, ఒక్కొక్కటి దాదాపు ఆరు వారాలపాటు క్రమం తప్పక వాడినా గుణం కనిపించకపోతే, వైద్యులు దానిని మందులకు లొంగని స్కిజోఫ్రీనియాగా లెక్కిస్తారు. వ్యాధిగ్రస్తులలో సుమారు మూడోవంతు మంది ఈ కోవలోకి వస్తారు. అటువంటివారికి మేలు చేస్తుందని అన్నిటికంటే బలమైన ఆధారాలున్న మందు క్లోజపిన్. అయినా ఈ పేరు వినగానే రక్తకణాలు పడిపోతాయన్న భయమే ముందుగా మనసులోకి వస్తుంది. ఆ భయం నిరాధారమైనది కాదు గాని, దానివల్ల రెండు నష్టాలు జరుగుతున్నాయి: మందు అవసరమైనవారికి అది ఏళ్ల తరబడి అందకపోవడం ఒకటి, అందినవారి విషయంలో చూపంతా రక్తపరీక్ష మీదే నిలిచిపోయి, ప్రాణం మీదికి తేగల మరికొన్ని ప్రమాదాలు ఇంటివారి ఎరుకలోకి రాకపోవడం రెండోది.

భ్రాంతులను, భ్రమలను తగ్గించే మందులన్నిటినీ కలిపి యాంటీసైకోటిక్ మందులంటారు. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజిన్‌తో మొదలైన ఈ మందుల వరుస మెదడులోని డోపమిన్ అనే రసాయనం పనిని అడ్డుకోవడం ద్వారా ఫలితమిచ్చేది. అయితే అదే డోపమిన్ శరీర కదలికలను కూడా నడిపిస్తుంది కనుక, రోగికి చేతులు వణకడం, కండరాలు బిగుసుకుపోవడం, ఒకచోట నిలవలేని తహతహ పట్టుకోవడం, ఏళ్ల తరబడి వాడిన కొందరిలో మూతి, నాలుక వాటంతటవే కదులుతూ ఉండటం వంటి బాధలు తప్పేవి కావు. 1958లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో వాండర్ కంపెనీ రసాయనికులు తయారుచేసిన క్లోజపిన్ ఈ పద్ధతికి భిన్నంగా ప్రవర్తించింది. అది డోపమిన్ గ్రాహకాలను, అంటే ఆ రసాయనం అతుక్కునే స్థానాలను, పట్టీపట్టనట్టు పట్టుకుని, సెరటోనిన్ మొదలైన ఇతర రసాయనాల గ్రాహకాలమీద కూడా పనిచేస్తుంది. అందువల్ల బిగుసుకుపోవడం వంటి బాధలు లేకుండానే భ్రాంతులు తగ్గడం సాధ్యమని తేలింది.

1970ల ఆరంభంలో యూరప్ దేశాల్లో ఈ మందు వాడకంలోకి వచ్చింది. 1975లో ఫిన్లాండ్‌లో దీన్ని వాడుతున్న ఎనిమిది మంది, తెల్ల రక్తకణాలు దాదాపు పూర్తిగా నశించి, అంటువ్యాధులను తట్టుకోలేక మరణించడంతో అనేక దేశాల్లో దీన్ని ఉపసంహరించారు. దాని కథ అక్కడితో ముగిసిపోవలసిందే. కాని ఈ మందుతో కోలుకున్నవారిని చూసిన వైద్యులు దానిని వదులుకోవడానికి ఇష్టపడలేదు. అమెరికాలో మానసిక వైద్యుడు జాన్ కేన్ బృందం ఇతర మందులకు లొంగని 268 మంది రోగులమీద ఆరు వారాల పరీక్ష జరిపి 1988లో ఫలితాలు వెల్లడించింది: క్లోర్‌ప్రోమజిన్ తీసుకున్నవారిలో నూటికి నలుగురు మెరుగుపడితే, క్లోజపిన్ తీసుకున్నవారిలో నూటికి ముప్పై మంది మెరుగుపడ్డారు. మరుసటి ఏడాది అమెరికా ప్రభుత్వం, రక్తపరీక్ష తప్పదన్న షరతుతో, ఈ మందుకు అనుమతినిచ్చింది. ఆత్మహత్యా ప్రయత్నాలను తగ్గించే గుణం రుజువు కావడంతో 2002లో ఆ ప్రయోజనానికి కూడా అనుమతి లభించింది. ఏ ఫిన్లాండ్‌లో మరణాలు బయటపడ్డాయో ఆ దేశంలోనే దాదాపు 67 వేల మంది రోగులను పదకొండేళ్లపాటు గమనించిన అధ్యయనం 2009లో వెలువడింది. యాంటీసైకోటిక్ మందులు వాడినవారిలో మరణాల రేటు అతి తక్కువగా ఉన్నది క్లోజపిన్ వాడినవారిలోనేనని అందులో కనిపించింది. ఒకే మందు గురించి ఒకే దేశం చెప్పిన ఈ రెండు సాక్ష్యాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడే, ప్రమాదం మందులో ఎంత ఉందో, కనిపెట్టి చూడకపోవడంలో ఎంత ఉందో తేటపడుతుంది.

ఈ మందు మొదలుపెట్టే తీరే దాని స్వభావాన్ని తెలుపుతుంది. మొదటి రోజు 25 మిల్లీగ్రాముల మాత్రలో సగం, అంటే పన్నెండున్నర మిల్లీగ్రాములు ఇచ్చి, రోజులు గడిచేకొద్దీ కొద్దికొద్దిగా పెంచుతారు. చాలామందికి పూర్తి మోతాదు చేరడానికి రెండు మూడు వారాలు, ఒక్కొక్కసారి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. తొందరపడి పెంచితే లేచి నిలబడగానే రక్తపోటు పడిపోయి కళ్లు తిరగడం, స్పృహ తప్పడం జరగవచ్చు. పెద్ద మోతాదుల్లో మూర్ఛలు రావచ్చు. మొదటి నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో అరుదుగా గుండె కండరం వాచే మయోకార్డైటిస్ అనే స్థితి కూడా ఏర్పడవచ్చు. ఈ కాలంలో జ్వరం, ఛాతీలో నొప్పి, ఆయాసం, విశ్రాంతిగా ఉన్నా నాడి వేగంగా కొట్టుకోవడం వంటివి కనిపిస్తే జలుబు చేసిందని సరిపెట్టుకోకుండా అదే రోజు వైద్యుడికి చూపించాలి.

రక్తపరీక్ష ఎందుకో కూడా ఇంటివారికి వివరంగా తెలిసి ఉండాలి. తెల్ల రక్తకణాల్లో న్యూట్రోఫిల్స్ అనేవి బాక్టీరియాను ఎదుర్కొనే మొదటి వరుస సైన్యం వంటివి. సాధారణంగా ఒక మైక్రోలీటరు రక్తంలో ఇవి 1,500కు తగ్గకుండా ఉంటేనే క్లోజపిన్ మొదలుపెడతారు. 500 కంటే దిగువకు పడిపోయే స్థితి ప్రాణాంతకం, అప్పుడు మందును వెంటనే ఆపవలసిందే. ఈ తీవ్రస్థితి మందు వాడేవారిలో నూటికి ఒకరిలోపే వస్తుంది, వారిలోనూ ఎక్కువమందికి తొలి పద్దెనిమిది వారాల్లోనే వస్తుంది. పరీక్షలు సక్రమంగా జరిగేచోట దీనివల్ల మరణాలు పదివేల మందిలో ఒకరిద్దరికి మించవు. ఈ కారణంగానే మొదటి పద్దెనిమిది వారాలు వారానికొకసారి, ఆ తరువాత వ్యవధి పెంచుకుంటూ నెలకొకసారి పరీక్ష చేయించే పద్ధతి చాలా దేశాల్లో ఏర్పడింది. పరీక్ష ఫలితం నమోదు కానిదే మందు ఇవ్వరాదన్న కఠిన నిబంధనను అమెరికా ప్రభుత్వం 2025లో తొలగించినప్పటికీ, పరీక్షలు మాత్రం చేయిస్తూ ఉండాలనే చెప్పింది. రెండు పరీక్షల మధ్య ఎప్పుడైనా గొంతు నొప్పి, నోటిలో పుండ్లు, చలిజ్వరం వస్తే మరుసటి గడువుదాకా ఆగకుండా అప్పుడే రక్తం చూపించుకోవాలి.

మలబద్ధకం విషయంలో ఇంత జాగ్రత్త కనిపించదు. ఈ మందు వాడేవారి పట్ల జరిగే పెద్ద అశ్రద్ధ ఇదే. మలబద్ధకం అనగానే అది అందరికీ ఉండే చిన్న ఇబ్బందిగా తోస్తుంది. కాని క్లోజపిన్ వాడేవారిలో అది పేగుల కదలికే మందగించడం వల్ల వస్తుంది. పేగు నరాలకు సందేశాలందించే ఎసిటైల్‌కోలిన్, సెరటోనిన్ అనే రసాయనాలను ఈ మందు అడ్డుకోవడంతో ఆహారం పేగులో కదలవలసిన వేగం తగ్గిపోతుంది, ఒక్కొక్కసారి పేగు పూర్తిగా స్తంభించి, ఉబ్బి, చిల్లుపడి ప్రాణం తీస్తుంది. ఈ విధంగా పేగు దెబ్బతిని చనిపోయినవారు రక్తకణాలు పడిపోయి చనిపోయినవారికంటే తక్కువేమీ కాదని అనేక దేశాల అనుభవం చెబుతున్నది. 2020 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ విషయంలో హెచ్చరికను మరింత గట్టి చేసింది. రోగికి నొప్పి తెలియకపోవచ్చు, తెలిసినా చెప్పుకోకపోవచ్చు, చెప్పినా అది వ్యాధి పలికిస్తున్న మాటగా ఇంటివారు కొట్టిపారేయవచ్చు. అందుచేత రోజూ విరేచనం అవుతున్నదా లేదా అన్నది సిగ్గుపడకుండా అడగడం, ఆ సంగతి ఒక పుస్తకంలో రాసి పెట్టడం ఇంటివారి బాధ్యత. నీళ్లు, ఆకుకూరలు, పీచు ఉన్న పండ్లు, నడక మేలు చేసేవే; అయినా చాలామందికి వాటితో సరిపోదు, మందు మొదలుపెట్టిన నాటినుంచే వైద్యుడి సలహాతో విరేచనకారి మందు వాడవలసి వస్తుంది. పేగు కదలిక మందగించినప్పుడు తగినన్ని నీళ్లు తాగకుండా ఇసబ్‌గోల్ వంటి పీచు పొడులను మాత్రమే మింగడం అడ్డంకిని పెంచుతుందన్నది గుర్తుంచుకోవాలి. రెండు మూడు రోజులు విరేచనం కాక, కడుపు ఉబ్బి, వాంతులు మొదలైతే అది ఇంట్లో చూసుకోవలసిన సంగతి కాదు, ఆసుపత్రికి తీసుకువెళ్లవలసిన అత్యవసరస్థితి.

కొన్ని బాధలు ప్రాణానికి ముప్పు కాకపోయినా మనిషిని కుంగదీస్తాయి. రాత్రి నిద్రలో దిండు తడిసేంతగా చొంగ కారుతుంది; తలవైపు కాస్త ఎత్తు పెట్టుకోవడం, దిండుమీద తువ్వాలు పరచుకోవడం కొంతమేరకు ఉపకరిస్తాయి, చాలనప్పుడు వైద్యులు ఇచ్చే మందులున్నాయి, అయితే ఆ మందుల్లో కొన్ని మలబద్ధకాన్ని పెంచుతాయి కనుక ఆ సంగతి చూసుకోవాలి. పక్క తడపడం కూడా కొందరిలో ఉంటుంది. పెద్ద వయసువారు దీన్ని ఎవరితోనూ చెప్పుకోలేక మందే మానేస్తారు కాబట్టి అడిగి తెలుసుకోవడం వైద్యుడి పని. మగత, బరువు పెరగడం, మధుమేహం చాలామందిలో కనిపిస్తాయి. మూడు పూటలా అన్నమే ప్రధానంగా తినే, మధుమేహం ఇప్పటికే విస్తారంగా ఉన్న తెలుగు ప్రాంతాల్లో ఈ చివరి ప్రమాదం మరింత శ్రద్ధ కోరుతుంది. మందు మొదలుపెట్టేముందే బరువు, నడుము చుట్టుకొలత, రక్తంలో చక్కెర, కొవ్వు చూసి రాసిపెట్టుకుంటే తరువాతి మార్పు తెలుస్తుంది.

పొగతో ఈ మందుకున్న సంబంధం వైద్యవృత్తి బయట దాదాపు ఎవరికీ తెలియదు. క్లోజపిన్‌ను శరీరం నుంచి తొలగించేది కాలేయంలోని ఒక ఎంజైమ్. పొగాకు కాలినప్పుడు వెలువడే పొగలోని కొన్ని పదార్థాలు ఆ ఎంజైమ్‌ను రెచ్చగొట్టి మందును త్వరగా కరిగించివేస్తాయి. ఈ గుణం నికోటిన్‌ది కాదు, పొగది. కాబట్టి ఖైనీ, గుట్కా నమిలేవారికి ఇది వర్తించదు, బీడీ, సిగరెట్టు, చుట్ట కాల్చేవారికి వర్తిస్తుంది. ఉత్తరాంధ్ర తీరంలో కొందరు పెద్దవయసు స్త్రీలు నిప్పున్న కొసను నోటిలోపల పెట్టుకుని కాల్చే అడ్డపొగ కూడా పొగే కనుక, ఆ అలవాటు సంగతి కూడా వైద్యుడికి దాచకుండా చెప్పాలి. రోజూ బీడీలు కాల్చే వ్యక్తి కాలు విరిగి ఆసుపత్రిలో చేరి పొగ మానవలసి వస్తే, వేసుకునే మాత్ర అదే అయినా రక్తంలో మందు పరిమాణం వారం తిరిగేలోపే సగం మేరకు పెరగవచ్చు, కొందరిలో రెట్టింపు కూడా కావచ్చు. మత్తు, తూలడం, మూర్ఛ రావడానికి అది చాలు. పొగ మానడం ఆరోగ్యానికి మంచిదే గనుక దానికి అడ్డుపడకూడదు, మోతాదు తగ్గించవలసి ఉంటుందని వైద్యుడికి ముందుగా తెలపాలి. ఊపిరితిత్తుల్లో నెమ్ము వంటి తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు కూడా మందు రక్తంలో పేరుకుపోతుంది. విరేచనాలకని మందుల షాపులో చీటీ లేకుండా కొనే సిప్రోఫ్లాక్ససిన్ మాత్ర కూడా ఇదే పని చేస్తుంది. రోజుకు అనేకసార్లు తాగే కాఫీ ప్రభావం కూడా కొంత ఉంటుంది. మూర్ఛలకు వాడే కార్బమజెపిన్ మరో విధంగా హాని చేస్తుంది: ఒకపక్క క్లోజపిన్‌ను కరిగించివేస్తూనే రక్తకణాలను తగ్గించే ప్రమాదాన్ని పెంచుతుంది. పంటి నొప్పికి పోయినా, పురుటికి పోయినా, ఏ వైద్యుడి దగ్గరైనా క్లోజపిన్ పేరు మొదటే చెప్పవలసిన అవసరం దీనివల్లనే. ఇటువంటి సందేహాలు వచ్చినప్పుడు, మానసిక ఆరోగ్య సలహాకోసం ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుపై ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఇక మందు తప్పిపోవడం. పెళ్లికో తీర్థయాత్రకో వెళ్లి మాత్రలు మరచిపోవడం ఏ ఇంట్లోనైనా జరిగేదే. చాలా మందుల విషయంలో మరుసటి రోజునుంచి మామూలుగా వేసుకుంటే సరిపోతుంది. క్లోజపిన్‌కు ఆ వెసులుబాటు లేదు. చివరి మాత్ర వేసుకుని 48 గంటలు దాటితే, మొదట్లో కొద్దికొద్దిగా అలవాటుపడిన శరీరం ఆ అలవాటును కోల్పోతుంది. అప్పుడు పాత మోతాదును ఒక్కసారిగా వేసుకుంటే రక్తపోటు కుప్పకూలి, గుండె ఆగిపోయే ప్రమాదం కూడా ఉంది. తప్పిపోయిన మాత్రలను కలిపి వేసుకోవడం అంతకంటే ప్రమాదకరం. రెండు రోజుల విరామం దాటిన తరువాత రోజుకు నాలుగు వందల మిల్లీగ్రాములు వేసుకుంటున్నవారైనా వైద్యుడితో మాట్లాడి, మొదటి రోజున వేసుకున్న ఆ సగం మాత్రతోనే తిరిగి మొదలుపెట్టవలసి ఉంటుంది.