స్టెప్నీలో గాలి ఉందా?

ఆదివారం ఉదయం ఎనిమిదిన్నర. ఎర్రగడ్డ రైతుబజారు దగ్గర ఒకటే సందడి. కూరగాయల సంచులతో రోడ్డు దాటేవాళ్లు, సండే మార్కెట్లో పాత సామాన్లు బేరమాడటానికి వచ్చేవాళ్లు, పైన మెట్రో, కింద బస్సులు. అంత హడావుడిలో ఓ కారు మెల్లగా పక్కకొచ్చి ఆగింది. అందులో అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, పట్టుచీరలో నానమ్మ. సంగారెడ్డిలో పెళ్లి, పదిన్నరకి ముహూర్తం. చూస్తే ముందు ఎడమ టైరు నేలకి కరుచుకుపోయి ఉంది.

'ఏం పర్లేదు, స్టెప్నీ ఉందిగా' అంటూ ఆయన డిక్కీ తెరిచాడు. సామాన్లన్నీ దించి, అడుగున ఉన్న చక్రాన్ని బయటికి లాగాడు. ఇంతలో పక్కనే ఉన్న పంక్చర్ షాపతను వచ్చి దాన్ని బొటనవేలితో ఓసారి నొక్కి చూశాడు.

''అన్నా, స్టెప్నీల గూడ గాలి లేదు. ఎప్పుడు చూపించిన్రు?''

ఆయన దగ్గర సమాధానం లేదు. కారు కొని నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో ఒక్కసారీ చూడలేదు.

''మరి మీటర్ల పసుపు లైటు రాలేదా?''

వచ్చింది. వారం కిందటే వచ్చింది. గుర్రపు నాడాలాంటి బొమ్మ, మధ్యలో ఆశ్చర్యార్థకం. చూడ్డానికి చిరాగ్గా ఉందని పెద్దబ్బాయి స్క్రీన్ మీద ఏవో సెట్టింగ్‌లు వెతికి 'రీసెట్' నొక్కాడు. లైటు పోయింది. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు కూడా!

మనుషులు మారతారు, ఊళ్లు మారతాయి. కథ మాత్రం ఇదే. పంక్చర్ షాపు నడిపే ఎవర్ని అడిగినా ఇలాంటివి పది చెబుతారు. నిజానికి ఆ కుటుంబం అదృష్టవంతులు. గాలి తగ్గిన టైరు ఎర్రగడ్డలోనే ఆపేసింది. ఇంకో అరగంట ఆగితే కారు ముంబయి హైవే మీద వంద దగ్గర ఉండేది.

ఆ లైటు ఎందుకొస్తుంది?

టైర్లలో గాలి తగ్గితే చెప్పే ఏర్పాటు రెండు రకాలు. మొదటి రకంలో ప్రతి చక్రంలోనూ ఓ చిన్న సెన్సర్ ఉంటుంది. అది గాలి ఎంతుందో కొలిచి అంకెల్లో చూపిస్తుంది. రెండో రకంలో గాలిని కొలిచేది ఏదీ ఉండదు. గాలి తగ్గిన టైరు కాస్త అణిగి, మిగతా వాటికన్నా వేగంగా తిరుగుతుంది. ఏబీఎస్ బ్రేకుల కోసం పెట్టిన సెన్సర్లే ఆ తేడాని కనిపెట్టి లైటు వెలిగిస్తాయి.

అసలు చిక్కు ఈ రెండో రకంతోనే. అందులో రీసెట్ నొక్కడమంటే 'ఇప్పుడు టైర్లలో ఉన్న గాలే సరైనది, దీన్నే లెక్కలోకి తీసుకో' అని కారుకి చెప్పడం. గాలి పట్టించకుండా రీసెట్ చేస్తే తక్కువ గాలినే సరైనదిగా నమ్మేస్తుంది. జ్వరం తగ్గకముందే థర్మామీటర్ని దులిపేసినట్లన్నమాట. అందుకే ముందు నాలుగు టైర్లలోనూ గాలి సరిచేయించాలి, ఆ తర్వాతే రీసెట్.

లైటు వెలగ్గానే నిలకడగా ఉంటే గాలి తక్కువని అర్థం. బండి స్టార్ట్ చేయగానే నిమిషంపాటు మిణుకుమిణుకుమని తర్వాత స్థిరపడితే, చాలా కార్లలో ఆ ఏర్పాటులోనే ఏదో లోపం ఉందని. స్టెప్నీ వేసుకున్నప్పుడు కూడా ఇలా రావచ్చు. ఎందుకంటే చాలా కార్లలో స్టెప్నీకి సెన్సర్ ఉండదు.

మిగతా లైట్లకు ట్రాఫిక్ సిగ్నల్ సూత్రమే. ఆకుపచ్చ, నీలం అయితే ఏదో పనిచేస్తోందని. పసుపు అయితే త్వరగా చూపించుకోమని. ఎరుపు అయితే ఆపమని. ముఖ్యంగా ఆయిల్ డబ్బా, థర్మామీటర్ బొమ్మలు ఎర్రగా వెలిగితే 'ఇంటికెళ్లి చూద్దాం' అనుకోవద్దు. బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాల్సిందే.

బండి ఆపాకే బొమ్మలాట

ఇప్పటి కార్లలో డాష్‌బోర్డు ఓ చిన్న టీవీలా ఉంటోంది. రంగులు, వెలుగు, భాష, శబ్దాలు... అన్నీ మార్చుకోవచ్చు. అయితే కారు నడుస్తుండగా కాదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. రెండు సెకన్లు స్క్రీన్ వంక చూశారంటే 33 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్లే. అమీర్‌పేట, ఎస్సార్‌నగర్ లాంటి చోట్ల ఆ దూరంలో ఎంతమంది రోడ్డు దాటుతుంటారో లెక్కేసుకోండి.

అందుకే బయల్దేరే ముందే ఇంటి దగ్గర ఇవి సరిచూసుకోండి.

వెలుగు: రాత్రిపూట స్క్రీన్ మరీ కాంతిమంతంగా ఉంటే కళ్లు దానికే అలవాటుపడి బయటి చీకటిలోని మనిషి కనిపించడు. అంకెలు చదవగలిగినంత ఉంటే చాలు. ఇంకో సంగతి. పాత కార్లలో హెడ్‌లైట్లు వేస్తేనే మీటరు వెలిగేది. ఇప్పుడు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. దాంతో వీధిదీపాల కింద లైట్లు వేయకుండానే వెళ్లిపోతున్నారు కొందరు. పక్కవాళ్లు చెయ్యూపితే విసుక్కోకుండా ఓసారి స్విచ్ చూసుకోండి.

కొలతలు: గాలిని కొన్ని కార్లు పీఎస్ఐలో, కొన్ని బార్‌లో, కొన్ని కిలోపాస్కల్స్‌లో చూపిస్తాయి. 33 పీఎస్ఐ అన్నా, దాదాపు 2.3 బార్ అన్నా, 230 కిలోపాస్కల్స్ అన్నా ఒకటే. పంక్చర్ షాపుల్లో మాట్లాడేది పీఎస్ఐ కాబట్టి అదే పెట్టుకుంటే గొడవుండదు. వేగం కిలోమీటర్లలో ఉందో, పొరపాటున మైళ్లలోకి మారిందో కూడా చూడండి. 50 మైళ్లంటే 80 కిలోమీటర్లు!

వేగ హెచ్చరిక: 2019 జులై నుంచి మన దేశంలో తయారైన కార్లు గంటకు 80 కిలోమీటర్లు దాటితే ఉండుండి, 120 దాటితే ఆగకుండా మోగుతాయి. కొన్ని కార్లలో మనకు కావల్సిన వేగానికి విడిగా పెట్టుకునే వీలూ ఉంటుంది. స్టెప్నీ వేసుకున్న రోజు దీని విలువ తెలుస్తుంది.

ఆ పేరెలా వచ్చింది?

కార్లు పుట్టిన కొత్తలో అదనపు చక్రం ఉండేది కాదు. పంక్చరైతే అక్కడే కూర్చుని బాగుచేసుకోవాలి. 1904లో బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో, లనెల్లి అనే ఊళ్లో డేవిస్ సోదరులు దీనికో ఉపాయం కనిపెట్టారు. ఊచలు లేని రిమ్ముకి గాలి నింపిన టైరు తొడిగి, పాడైన చక్రానికే పక్కనుంచి బిగించేలా తయారుచేశారు. వాళ్ల దుకాణం ఉన్నది స్టెప్నీ స్ట్రీట్‌లో. దాంతో అది స్టెప్నీ అయింది. ఇంగ్లండ్‌లో ఆ మాట వాడుక దాదాపు పోయింది. మనం మాత్రం వదల్లేదు.

ఇప్పుడు చాలా కార్లలో స్టెప్నీ మిగతా చక్రాలకన్నా చిన్నదిగా, సన్నగా ఉంటోంది. దానిమీద 80 అని స్టిక్కర్ ఉంటే గంటకు 80 కిలోమీటర్లు దాటొద్దని. అది పంక్చర్ షాపు దాకా చేర్చడానికే కానీ తిరుపతి దాకా వెళ్లడానికి కాదు. బ్రేకు వేసినా, మలుపు తిరిగినా కారు ఎప్పటిలా ఉండదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద గరిష్ఠ వేగం 120. స్టెప్నీతో అక్కడ సాగేకన్నా తర్వాతి ఎగ్జిట్‌లో దిగి సర్వీసు రోడ్డు పట్టుకోవడం క్షేమం.

కొన్ని కార్లకు అసలు స్టెప్నీయే ఉండదు. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే ఏర్పాటు, పంక్చర్ కిట్ ఉంటే స్టెప్నీ తప్పనిసరి కాదంటూ 2020 అక్టోబరు నుంచి నిబంధన మారింది. మీ కారుకి కిట్టే ఉంటే దాన్ని వాడటం ముందే నేర్చుకోండి. అందులోని ద్రావణానికి గడువు తేదీ ఉంటుంది. టైరు పక్కభాగం చీలితే అది పనిచేయదు.

చక్రం మార్చాలంటే...

ముందు చోటు చూసుకోవాలి. భరత్‌నగర్ ఫ్లైఓవర్ లాంటి వాటి మీద పంక్చరైతే అక్కడే ఆపి జాకీ పెట్టకండి. నాలుగు ఇండికేటర్లు వేసి, మెల్లగా కిందికి దిగి, గట్టినేల, చదునైన చోటు చూసుకోండి. టైరు పాడవచ్చు, రిమ్ము వంగొచ్చు. పోతే పోనీ, డబ్బుతో పోయేదే కదా.

అందర్నీ దింపి, రోడ్డుకి దూరంగా నిలబెట్టాలి. 'అమ్మమ్మ ఒక్కతే కదా, కూర్చోనీ' అనుకోవద్దు. ఎర్ర త్రికోణాన్ని కారుకి వెనక కనీసం 50 మీటర్ల దూరంలో పెట్టాలి. హైవే మీదైతే ఇంకా దూరంలో.

హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో ఉంచాలి. ఆటోమేటిక్ అయితే 'పి'లో. పంక్చరైన చక్రానికి ఐమూలగా ఉన్న చక్రం కింద ముందూ వెనకా రాళ్లు పెట్టాలి.

నట్లను చక్రం నేలమీద ఉండగానే కాస్త వదులు చేయాలి. కారు లేచాక బలంగా లాగితే జాకీ జారుతుంది. జాకీని మాన్యువల్‌లో చూపించిన చోటే పెట్టాలి. నేల మెత్తగా ఉంటే కింద మందపాటి చెక్క వేయాలి. ఇటుక వద్దు, పగిలిపోతుంది. జాకీ మీద లేచిన కారు కిందికి చెయ్యీ కాలూ పోనివ్వకూడదు. స్టెప్నీని కారు అంచు కింద పడుకోబెడితే, జాకీ జారినా కారు దానిమీదే ఆగుతుంది.

కొత్త చక్రం పెట్టాక నట్లను వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి. కారు దించాక మరోసారి గట్టిగా. స్పానర్ మీద ఎక్కి తొక్కనక్కర్లేదు, అలా చేస్తే మరలు దెబ్బతింటాయి. ఇప్పుడు డాష్‌బోర్డు పని. ట్రిప్ మీటర్ని సున్నా చేయండి, వేగ హెచ్చరిక 80కి పెట్టండి. 50 కిలోమీటర్లలోపే ఆగి నట్లు మళ్లీ బిగించాలి.

ఈ రోజే చూడండి!

* టైర్లలో గాలి దానంతటదే నెలకు ఒకటి రెండు పీఎస్ఐ తగ్గుతుంది. ఏడాదిపాటు చూడని స్టెప్నీలో ఎంత మిగులుతుందో ఊహించుకోండి. గాలి పట్టించే ప్రతిసారీ అయిదు చక్రాలకీ పట్టించాలి.

* ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కర్ చెబుతుంది. టైరు మీద రాసి ఉండేది అది తట్టుకోగల గరిష్ఠం. చిన్న స్టెప్నీకి కొన్నిసార్లు 60 పీఎస్ఐ దాకా కావాలి. దాని మీదే రాసి ఉంటుంది.

* టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. వాడినా వాడకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. అయిదేళ్లు దాటితే ఏటా పరీక్ష చేయించాలి, పదేళ్లు దాటితే మార్చాల్సిందేనంటున్నాయి టైర్ల కంపెనీలు.

* జాకీ, స్పానర్, త్రికోణం, టార్చి... నాలుగూ డిక్కీలో ఉన్నాయా? అల్లాయ్ చక్రాలకు తాళం నట్టు ఉంటే దాని తాళం కూడా.

* ఓ సెలవురోజు ఇంటి ముందే చక్రం విప్పి బిగించి చూడండి. అమ్మాయిలకూ నేర్పండి. జాతీయ రహదారి మీద సాయం కావాలంటే 1033కి ఫోన్ చేయొచ్చు.

ఇంతకీ ఆ పెళ్లివారేమయ్యారంటారా? పంక్చర్ షాపతను స్టెప్నీలో గాలి నింపి వేశాడు. పాడైన టైర్లోంచి మేకు పీకి అతుకు పెట్టి, అసలు చక్రం మళ్లీ బిగించి, నాలుగింటిలో గాలి చూశాడు. 'ఇగ ఇప్పుడు నొక్కు బాబూ రీసెట్' అన్నాడు పెద్దబ్బాయితో. ముహూర్తం దాటిపోయింది. ''తలంబ్రాలు చూడకపోతేనేం, అందరం కలిసి విస్తరి ముందు కూర్చున్నాం, అదే చాలు'' అంది నానమ్మ.