చేను మీదే... మీదుగా పోయే లైను వాళ్లది!

మిరప చేను పూత, పిందె మీద ఉంటుంది. ఓ పొద్దున గట్టు మీద గుర్తు రాళ్లు కనిపిస్తాయి. ఆ తర్వాత జేసీబీ దిగుతుంది. ‘నన్నడక్కుండా నా పొలంలోకి ఎలా వస్తారు?’ అంటే చట్టం పేరు చెబుతారు. చిలకలూరిపేటలోని 765 కేవీ సబ్‌స్టేషన్ నుంచి వేమగిరి, కడప, నరసరావుపేట వైపు పెద్ద లైన్లు వెళ్లాయి. ఇలాంటి లైను మన చేలోకీ వస్తే?

భూమి పోదు, కానీ...

టవర్ కోసం భూమిని సేకరించరు. పాసు పుస్తకంలో పేరు మారదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలోని అధికారాలను, 2003 విద్యుత్ చట్టం 164వ సెక్షన్ కింద లైన్లు వేసే సంస్థకు ప్రభుత్వం ఇవ్వొచ్చు. అవి ఉంటే రైతు ఒప్పుకోలు అక్కర్లేదు. అడ్డుకుంటే జిల్లా మేజిస్ట్రేట్ ఉత్తర్వు తెచ్చుకుంటారు. తీగల కింద పత్తి, మిరప వేసుకోవచ్చు. ఇల్లు కట్టుకోవడానికీ, ఎత్తు పెరిగే చెట్లు పెంచడానికీ కుదరదు.

ఎంతిస్తారు?

కేంద్రం 2015లో చెప్పిన లెక్క ప్రకారం టవర్ కాళ్లు నిలిచిన చోటుకు భూమి విలువలో 85 శాతం, తీగల కింది భూమికి 15 శాతం దాకా. 2024 జూన్‌లో వాటిని 200, 30 శాతాలుగా పెంచింది. అమలు మాత్రం రాష్ట్రాల చేతిలో ఉంది. అందుకే ఏ జీవో ప్రకారం లెక్కకట్టారో కాగితం మీద అడగండి.

పంట ఎవరిదో?

మన వైపు పొలం ఒకరిది, పంట ఇంకొకరిది. భూమి విలువ మీద వచ్చే డబ్బు పట్టాదారుకి పోతుంది. మరి జేసీబీ తొక్కేసిన మిరప మాటేంటి? టెలిగ్రాఫ్ చట్టం 10వ సెక్షన్ ఒక్క యజమానికే అనలేదు, సంబంధం ఉండి నష్టపోయిన వాళ్లందరికీ పూర్తి పరిహారం ఇవ్వమంది. అంటే కౌలు రైతుకీ హక్కుంది. చిక్కల్లా నోటి కౌలుతోనే. 2019 చట్టం కింద ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం, ఈ-క్రాప్‌ నమోదు చేతిలో ఉంటే మాట నిలుస్తుంది.

నష్టం రాసుకునే రోజు చేలోనే ఉండండి. ఎన్ని సెంట్లు, పంట ఏ దశలో ఉంది, ఎన్ని కోతలు మిగిలాయి అన్నీ రాయించండి, ఫొటోలు తీయండి. చదవకుండా సంతకం పెట్టొద్దు. పరిహారం చాలకపోయినా, ఎవరికి దక్కాలో తేలకపోయినా 16వ సెక్షన్ కింద జిల్లా జడ్జి దగ్గరకు వెళ్లొచ్చు.

టవర్ ఏళ్ల తరబడి ఉంటుంది. సాగు పత్రం గడువు మాత్రం పదకొండు నెలలే. రాళ్లు పాతాక కాదు, విత్తు వేసేటప్పుడే ఆ కాగితం చేయించుకోండి.