బ్రెజిల్ ఆహార భద్రతా మండలి: సారథ్యం ఎవరిది?

ఆకలిని తగ్గించే బాధ్యత వ్యవసాయం, ఆరోగ్యం, విద్య వంటి అనేక శాఖల మధ్య చీలిపోయి ఉంటుంది కనుక, వాటన్నిటినీ ఒక్కచోట కూర్చోబెట్టే వేదికకు ఎవరు సారథ్యం వహించాలన్నది చిన్న ప్రశ్న కాదు. బ్రెజిల్ 1993లో నెలకొల్పి, రెండేళ్లకే రద్దుచేసి, 2003లో పునరుద్ధరించిన జాతీయ ఆహార, పోషకాహార భద్రతా మండలి, అనగా ‘కోన్సేయా’, దీనికి అరుదైన సమాధానమిచ్చింది. 2006 నాటి చట్టం ప్రకారం సభ్యులలో మూడింట రెండు వంతుల మంది పౌర సమాజానికి, అంటే ప్రభుత్వేతర సంఘాలకు, ప్రజా ఉద్యమాలకు చెందినవారు. అధ్యక్ష పదవి సైతం మంత్రులకు కాక వారికే దక్కుతుంది. మండలి దేశాధ్యక్షునికి నేరుగా సలహా ఇస్తే, దానిని కార్యక్రమాలుగా మలిచే పని వివిధ మంత్రిత్వ శాఖల ఉమ్మడి సంఘానిది. బడి భోజనానికి కేంద్రమిచ్చే నిధులలో కనీసం 30 శాతాన్ని చిన్న రైతు కుటుంబాల ఉత్పత్తులపై వెచ్చించాలన్న 2009 నాటి నిబంధన వెనుక ఈ మండలి కృషి ఉంది.

అయితే సలహాకు ప్రభుత్వం కట్టుబడి తీరాలన్న నిర్బంధం లేదు. ఆహార హక్కు 2010లో రాజ్యాంగంలో చేరినా మండలికి రక్షణ దొరకలేదు. 2019 జనవరి 1న, బోల్సొనారో దేశాధ్యక్ష పదవి చేపట్టిన రోజే, ఒక్క తాత్కాలిక ఉత్తర్వుతో అది మూతపడింది. మండలిని ఇంత తేలిగ్గా మూసివేయనిచ్చిన చట్టంలోని ఈ లోపం చిన్నది కాదు. ఆ తర్వాత దేశాధ్యక్షుడైన లూలా ప్రభుత్వం 2023లో మండలిని తిరిగి ఏర్పాటు చేసింది.