రిమ్ము మెరుపు సరే, మన ఊపిరి సంగతేంటి?

శుక్రవారం సెలవు. ఉమ్ ఘువైలినాలో గదిలో బట్టలు ఉతుక్కుని, అన్నం వండుకుని, కాస్త నడుం వాల్చే వేళకి పక్క బెడ్డు మనిషి అంటాడు: "సనయ్యలో గ్యారేజీ ఉంది. కారు రిమ్ములు పాలిష్ చెయ్యడానికి మనిషి కావాలట. సాయంత్రానికి డబ్బులు చేతిలో పెడతారు." ఇలాంటి మాట మీకూ ఎప్పుడో ఒకప్పుడు వినపడే ఉంటుంది. సైటులో ఎండకి మాడేవాళ్ళకి ఇది నీడపట్టు పనిలా, తేలిక పనిలా కనిపిస్తుంది. ఊళ్ళో అప్పు వడ్డీ గుర్తొస్తే కాళ్ళు వాటంతటవే అటు నడుస్తాయి. వెళ్ళేముందు ఈ పని సంగతేంటో, అందులో మీ హక్కు ఏమిటో ఒకసారి చదవండి.

మామూలు అల్లాయ్ రిమ్ము ఒకే ముక్క. ఖరీదైన కార్లకి రెండు ముక్కలవీ, మూడు ముక్కలవీ ఉంటాయి: ముందు పువ్వులా కనిపించే మధ్య భాగం, బయటి అంచు, లోపలి డ్రమ్ము. వీటిని చుట్టూ వరసగా చిన్న బోల్టులతో బిగిస్తారు. గాలి పోకుండా సందులో సీలెంటు పెడతారు. ఇలాంటి రిమ్మును మళ్ళీ కొత్తదానిలా చెయ్యాలంటే టైరు తీసి, బోల్టులు విప్పి, పాత రంగు వదిలించి, బ్లాస్టింగ్ చేసి, అంచు పాలిష్ పట్టి, కొత్త రంగు వేసి, తిరిగి బిగించాలి. ప్రతి మెట్టు దగ్గరా ఒక ప్రమాదం కాచుకుని ఉంటుంది.

గాలి ఉండగా బోల్టు ముట్టుకోవద్దు

టైరులో గాలి ఉండగా ముక్కల్ని కలిపే బోల్టులు విప్పితే రిమ్ము ఊడొచ్చి మనిషిని కొడుతుంది. ప్రాణం పోవచ్చు. ముందు వాల్వు లోపలి పిన్ను తీసి గాలి పూర్తిగా వదలాలి. టైరు తీసేశాకే బోల్టు మీద పానా పెట్టాలి. తిరిగి గాలి కొట్టేటప్పుడు రిమ్ముకి ఎదురుగా నిలబడొద్దు. "టైమ్ లేదు, అలాగే విప్పెయ్" అని ఎవరన్నా సరే, విప్పొద్దు.

రంగు వదిలించే మందు

రంగు తీసే కొన్ని మందుల్లో మిథిలీన్ క్లోరైడ్ ఉంటుంది. తలుపులు మూసిన గదిలో దాని ఆవిరి పీలిస్తే తల తిరుగుతుంది, స్పృహ తప్పుతుంది. ఒంట్లోకి వెళ్ళాక అది కార్బన్ మోనాక్సైడ్‌గా మారి గుండె మీద పడుతుంది. దీని వాడకాల్లో చాలావాటిని అమెరికా 2024లో నిషేధించింది. డబ్బా మీద ఈ పేరుందేమో చదవండి, చదవలేకపోతే ఫోనులో ఫొటో తీసి తెలిసినవాళ్ళకి చూపించండి. మామూలు గుడ్డ మాస్కు ఈ ఆవిరిని ఆపదు.

దుమ్ము పేలుతుంది

బ్లాస్టింగుకి మామూలు ఇసుక వాడితే సిలికా దుమ్ము లేస్తుంది. రాయి కోసే పనిలో ఉన్నవాళ్ళకి ఈ దుమ్ము తెలుసు. అది ఊపిరితిత్తుల్లో పేరుకుంటే వచ్చే సిలికోసిస్‌ను నయం చేసే మందు లేదు. ఈ పని మూసిన పెట్టె లోపల, ఇసుక కాకుండా వేరే గింజలతో చెయ్యాలి.

పాలిష్ పడితే లేచే అల్యూమినియం దుమ్ము ఇంకో రకం ప్రమాదం. పిండిలా మెత్తగా ఉండే ఆ దుమ్ము గాలిలో లేచినప్పుడు నిప్పురవ్వ తగిలితే బాంబులా పేలుతుంది. 2014 ఆగస్టు 2న చైనాలోని కున్‌షాన్‌లో ఒక ఫ్యాక్టరీలో ఇదే జరిగింది. అక్కడివాళ్ళు చేసేది కారు చక్రాలు పాలిష్ పట్టే పనే. 146 మంది చనిపోయారు. దుమ్ము లాగే యంత్రాలను వేళకి శుభ్రం చెయ్యలేదని విచారణలో తేలింది. వాళ్ళూ మనలాగే పొట్టకూటికి పొద్దున్నే డ్యూటీ ఎక్కినవాళ్ళే.

చిన్న గ్యారేజీలోనూ దుమ్ము అదే దుమ్ము. గోడల మీద, దూలాల మీద పేరుకోనివ్వొద్దు. ఎయిర్ పైపుతో ఊదొద్దు. ఇనుము గ్రైండింగ్, వెల్డింగ్ అక్కడ పెట్టొద్దు. ఆ దుమ్ము అంటుకుంటే నీళ్ళు పొయ్యొద్దు, మంట ఇంకా పెరుగుతుంది. పొడి ఇసుక దగ్గర పెట్టుకోండి. మంట పెద్దదైతే ఆర్పే ప్రయత్నం చెయ్యకుండా బయటికి పరుగెత్తి 999కి ఫోన్ చెయ్యండి.

రంగు కొట్టేటప్పుడు

గట్టిపడే మందు కలిపి కొట్టే రంగుల్లో ఐసోసయనేట్లు ఉంటాయి. వీటివల్ల ఆస్తమా వస్తుంది. ఒకసారి పట్టుకుందంటే తర్వాత కాస్త వాసన తగిలినా ఆయాసం మొదలవుతుంది. రంగు గదిలో గాలి బయటికి లాగే ఫ్యాను ఉండాలి, కొట్టేవాళ్ళకి బయటి గాలి అందించే మాస్కు ఉండాలి.

ఇంటి కారు కడిగేవాళ్ళకి

గ్యారేజీ ముఖం చూడకపోయినా ఇంటి డ్రైవర్లకి, ఇంట్లో పనిచేసే అక్కచెల్లెళ్ళకి ఈ సంగతి అవసరం. రిమ్ము కడగమని ఇచ్చే కొన్ని యాసిడ్ సీసాల్లో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ గానీ, దాని జాతి మందు గానీ ఉంటుంది. చర్మం మీద పడినప్పుడు వెంటనే మంట పుట్టకపోవచ్చు. కొన్ని గంటల తర్వాత నొప్పి మొదలై ఎముక దాకా పోతుంది. పడిన వెంటనే తడిసిన బట్టలు తీసేసి, ధారగా నీళ్ళు పోసి కడిగి, ఆ సీసా పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళండి. దీనికి కాల్షియం గ్లూకోనేట్ జెల్ రాస్తారు. సీసా చూపిస్తేనే డాక్టరుకి సంగతి తెలుస్తుంది.

చట్టం ఏమంటోంది

ఖతర్ 2004 నాటి 14వ నంబరు కార్మిక చట్టం ప్రకారం, పనిలో చేరేటప్పుడే అందులో ఉన్న ప్రమాదాలు యజమాని మీకు చెప్పాలి. రక్షణ ఏర్పాట్లు ఆయనే చెయ్యాలి. మాస్కుకి, గ్లౌజులకి జీతంలో ఒక్క రియాల్ కూడా కోయకూడదు.

పనిలో గాయమైతే వైద్యం ఖర్చు యజమానిదే. చికిత్స జరిగినన్నాళ్ళూ, ఆరు నెలల దాకా, పూర్తి జీతం ఇవ్వాలి. అప్పటికీ నయం కాకపోతే ఆ తర్వాత సగం జీతం ఇవ్వాలి.

"రిమ్ము గీత పడింది, డబ్బులు నువ్వే కట్టు" అంటే? విచారణ లేకుండా కోయడానికి లేదు. తప్పు మీదేనని తేలినా నెలకి ఏడు రోజుల జీతానికి మించి కోయకూడదు. ఆ నిర్ణయం మీద ఏడు రోజుల్లోగా కార్మిక శాఖకి ఫిర్యాదు చేసుకోవచ్చు. అందుకే రిమ్ము చేతికి రాగానే నాలుగు వైపులా ఫొటో తీసి పెట్టుకోండి.

ఇంటి డ్రైవర్లు, వంటవాళ్ళు, ఆయాలు, తోటమాలులకి వేరే చట్టం ఉంది: 2017 నాటి 15వ నంబరు చట్టం. రోజుకి పది గంటలకి మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవివ్వాలి. పనిలో గాయమైతే వీళ్ళకీ పరిహారం వస్తుంది.

శుక్రవారం పని గురించి ఒక నిజం

మంత్రిత్వ శాఖ అనుమతి లేకుండా మీ యజమాని దగ్గర కాక వేరేచోట పని చెయ్యడం చట్టం ఒప్పదు. అలాంటి పనిలో చెయ్యి తెగితే గ్యారేజీవాడు "ఈ మనిషెవరో నాకు తెలీదు" అనగలడు. సాయంత్రం చేతిలో పడే ఆ నోట్ల వెనక ఇంత ఉంది. అయినా వెళ్ళి గాయపడితే మాత్రం భయపడి గదిలో దాక్కోవద్దు. ముందు ఆసుపత్రి, తర్వాత భారత రాయబార కార్యాలయం. రాయబార కార్యాలయం కింద పనిచేసే ఇండియన్ కమ్యూనిటీ బెనవలెంట్ ఫోరమ్ కూడా సాయం చేస్తుంది.

ఈ పని నిజంగా నచ్చితే దారి ఉంది. 2020 సంస్కరణల తర్వాత పాత యజమాని ఎన్‌ఓసీ లేకుండానే కంపెనీ మారొచ్చు. రెండేళ్ళ లోపు సర్వీసుంటే ఒక నెల, దాటితే రెండు నెలల నోటీసు ఇచ్చి, మంత్రిత్వ శాఖ ద్వారా మారాలి. జీతం 1,000 రియాల్‌కి తగ్గకూడదు. వసతి ఇవ్వకపోతే 500, తిండి పెట్టకపోతే 300 అదనంగా ఇవ్వాలి. కాంట్రాక్టులో పని పేరు సరిగ్గా రాయించుకోండి.

ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు ప్రవాసీ భారతీయ బీమా యోజన కట్టారా? గడువు ఎప్పటిదాకా ఉందో కాగితం తీసి చూడండి. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా పది లక్షల రూపాయల దాకా ఇస్తుంది. ఆ కాగితం ఫొటో ఇంట్లోవాళ్ళకీ పంపండి.

రేపు ఎవరైనా రిమ్ముల పని ఉందని పిలిస్తే నాలుగు ప్రశ్నలు అడగండి: కాంట్రాక్టు ఎవరి పేరు మీద? మాస్కు ఏది? దుమ్ము లాగే యంత్రం ఉందా? గాయమైతే ఎవరు చూస్తారు? జవాబు రాకపోతే ఆ శుక్రవారం గదిలోనే నిద్రపోండి. ఇంటికి ఫోన్ చేసి పిల్లలతో నాలుగు మాటలు మాట్లాడండి.