భాష చేతిలో ఉంటే ఏ ఊరైనా ఆఫీసే!

పొద్దున సముద్రపు ఒడ్డు, మధ్యాహ్నం ల్యాప్‌టాప్ ముందు రెండు గంటలు, సాయంత్రం మళ్ళీ షికారు... నెల తిరిగేసరికి బ్యాంకులో డబ్బు! ఫోన్ తెరిస్తే చాలు, ఇలాంటి వీడియోలు బోలెడు. "మనకెక్కడిదమ్మా అంత అదృష్టం!" అని ఓ నిట్టూర్పు విడిచి, కుక్కర్ విజిల్ వినపడగానే వంటింట్లోకి వెళ్ళిపోతాం.

నిట్టూర్చక్కర్లేదు. అలాగని రేపే సూట్‌కేసు సర్దుకోనూ అక్కర్లేదు. వీటి వెనకున్న అసలు సంగతి ఒక్కటే. తిరిగినందుకు ఎవరూ డబ్బివ్వరు, పని చేసినందుకే ఇస్తారు. ఆ పని ఇంటర్నెట్టులో పంపగలిగేదైతే ఎక్కడ కూర్చునైనా చేసుకోవచ్చు. కాబట్టి ముందు పని, తర్వాతే ప్రయాణం.

'ఉమా తెలుగు ట్రావెలర్' లాంటి యూట్యూబ్ ఛానెళ్ళు చూసి చాలామంది వీడియోలు తీయడమే మార్గమనుకుంటారు. అది పైకి కనిపించే దారేగానీ సులువైన దారి కాదు. ప్రకటనల డబ్బులో వాటా రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగువేల గంటల వీక్షణం ఉండాలి. అది దాటినా వచ్చేది ఇంత అని చెప్పలేం. అంతకంటే నిలకడైనది, ఇంట్లోంచే మొదలుపెట్టగలిగేది ఇంకొకటుంది. అదే భాష! భాషతో బతకడం హైదరాబాదుకి, అందులోనూ తార్నాక చుట్టుపక్కల వాళ్ళకి కొత్తేమీ కాదు.

నూరేళ్ళ కిందటి మాట

ఉస్మానియా యూనివర్సిటీ 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. సైన్సు, వైద్యం, న్యాయశాస్త్రం అన్నీ ఉర్దూలో చెప్పాలంటే పుస్తకాలేవి? అందుకే యూనివర్సిటీ కన్నా ముందే, 1917లో, అనువాదాల కోసం ప్రత్యేకంగా ఒక సంస్థ పెట్టారు. దాని పేరు దారుల్ తర్జుమా. మౌల్వీ అబ్దుల్ హక్ దాని తొలి పెద్ద. ఎక్కడెక్కడి పండితులో హైదరాబాదు వచ్చి, అనువాదమే ఉద్యోగంగా బతికారు. పేరుమోసిన ఉర్దూ కవి జోష్ మలీహాబాదీ కూడా ఉత్తరాది నుంచి వచ్చి అందులో పనిచేసినవారే.

అప్పుడు పని కోసం మనిషి ఊరు మారాలి. ఇప్పుడు పనే మనిషి ఉన్న ఊరికి వస్తోంది. తేడా అంతే!

ఆ క్యాంపస్ పక్కనే, తార్నాకలో ఇంకో భాషల ఇల్లుంది. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా పుట్టింది. 1972లో విదేశీ భాషలూ చేరి 'సీఫెల్' అయింది. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమై 'ఇఫ్లూ' అయింది. ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, రష్యన్, జపనీస్, అరబిక్ ఇక్కడ నేర్పుతారు. వేరే చదువులు చదువుకుంటూనో, ఉద్యోగం చేసుకుంటూనో నేర్చుకునే పార్ట్‌టైమ్ కోర్సుల ప్రకటనలూ వస్తుంటాయి. తార్నాకకు మెట్రో కూడా ఉంది కాబట్టి నగరంలో ఉన్నవాళ్ళు ఒకసారి వెళ్ళి కనుక్కోవచ్చు. చిన్న ఊళ్ళలో ఉన్నవాళ్ళు ఆన్‌లైన్ తరగతులతో మొదలుపెట్టి పరీక్షలు రాయొచ్చు. ఐరోపా భాషలకు ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లుంటాయి. జపనీస్‌కు ఎన్5 నుంచి ఎన్1 దాకా అయిదు మెట్లు, పరీక్ష జులైలో, డిసెంబరులో. మొదటి రెండు మెట్లతో పలకరింపులు వస్తాయిగానీ పని రాదు. రెండు మూడేళ్ళ ఓపిక కావాలని ముందే అనుకోండి.

తెలుగు ఒక్కటే వస్తే?

అదీ ఆస్తే! విదేశాల్లో పెరుగుతున్న మన పిల్లలకు తెలుగు నేర్పాలన్న తపన అక్కడి తల్లిదండ్రుల్లో చాలా ఉంది. అమెరికాలో సిలికానాంధ్ర 'మనబడి' 2007 నుంచి నడుస్తోంది. అందులో ఎక్కువమంది స్వచ్ఛందంగా చెప్పేవాళ్ళే. అది కాక ఇంటి నుంచి వీడియోలో తెలుగు, సంగీతం, శ్లోకాలు చెప్పి ఫీజు తీసుకునే ఆడవాళ్ళూ ఉన్నారు. ఇంగ్లీషు బాగా వస్తే అనువాదాలు, సినిమాలకూ సీరియళ్ళకూ సబ్‌టైటిల్స్, కంపెనీల ప్రకటనలను తెలుగులోకి మార్చడం... ఇలా దారులున్నాయి.

"అనువాదాలన్నీ కంప్యూటరే చేసేస్తోందిగా!" అనొచ్చు మీరు. నిజమే. మామూలు ఉత్తరాలు, సామాన్ల వివరాలు యంత్రం చిటికెలో మార్చేస్తోంది. ఆ పని చేసి బతికినవాళ్ళకు గిరాకీ తగ్గింది. అది దాచుకోవాల్సిన సంగతి కాదు. కానీ ఇంగ్లీషు కథలో 'అంకుల్' అని ఉంటే అతను బాబాయా, మామయ్యా, పెదనాన్నా? కోడలు అత్తగారిని 'మీరు' అంటుందా, 'నువ్వు' అంటుందా? యంత్రం అక్కడే బోల్తా పడుతుంది. అది చేసినదాన్ని చదివి సరిదిద్దే మనిషి కావాలి. మందుల చీటీ, కోర్టు కాగితం లాంటివాటిలో ఒక్క తప్పు దొర్లినా ప్రమాదమే. అందుకే భాషతోపాటు ఇంకో విషయం కూడా, మీరు చదివిన బీకామో, బీయస్సీయో, నర్సింగో, కలిపి పెట్టుకున్నవాళ్ళు నిలబడతారు.

మొదటి విదేశం... పుట్టిల్లు!

పని దొరికింది, ఆరు నెలలు సరిగా నడిచింది. ఇప్పుడు ప్రయాణం మాట. ఏకంగా విమానం ఎక్కకండి. ముందు పదిరోజులు పుట్టింటికి వెళ్ళి, అక్కణ్ణుంచి పని చేసి చూడండి. వచ్చేపోయే చుట్టాలు, కరెంటు కోతలు, "ఎప్పుడూ ఆ పెట్టె ముందేనా, ఇలా వచ్చి కూర్చోవే" అనే అమ్మ... వీటి మధ్య చెప్పిన టైముకి పని అప్పజెప్పగలిగితే మీరు పరీక్ష పాసయినట్టే.

గడియారం లెక్క కూడా ముఖ్యం. వేసవిలో డల్లాస్‌లో సాయంత్రం ఆరంటే మనకు తెల్లవారుజామున నాలుగున్నర. చలికాలంలో అయిదున్నర. వేసవిలో అదే క్లాసు థాయ్‌లాండ్ నుంచి చెబితే ఆరింటికి, స్పెయిన్ నుంచి చెబితే అర్ధరాత్రి ఒంటిగంటకు! దేశం ఎంచుకునేముందు మీ పని వేళలతో సరిపోతుందో లేదో చూసుకోండి.

వీసా సంగతి తేలిగ్గా తీసుకోవద్దు

టూరిస్టు వీసా మీద వెళ్ళి పనిచేయడానికి చాలా దేశాల చట్టాలు ఒప్పుకోవు. అందుకే కొన్ని దేశాలు ఇలాంటి పనివాళ్ళకోసం వేరే వీసాలు పెట్టాయి. ఎస్తోనియా 2020లో, మలేషియా 2022లో, స్పెయిన్ 2023లో మొదలుపెట్టాయి. థాయ్‌లాండ్ 2024లో తెచ్చిన వీసాకు అయిదేళ్ళ గడువు, వెళ్ళినప్పుడల్లా 180 రోజుల దాకా ఉండొచ్చు. దానికి మన దగ్గర 5 లక్షల బాట్లు ఉన్నట్టు చూపించాలి. జపాన్ కూడా 2024లోనే మొదలుపెట్టిందిగానీ, అప్పుడు ప్రకటించిన దేశాల జాబితాలో మన దేశం లేదు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఏజెంటు మాట కాక ఆ దేశపు ఎంబసీ మాటే వినండి.

మన ఇళ్ళల్లో ఎక్కువగా జరిగేది ఇంకొకటి. కూతురి పురిటికని అమెరికా వెళ్ళి ఆరు నెలలు ఉంటాం. లేదా భర్త ఉద్యోగం మీద 'హెచ్-4' వీసాతో అమ్మాయి వెళుతుంది. విజిటర్ వీసా మీద అక్కడ పని చేయకూడదు. హెచ్-4 మీద వెళ్ళినవాళ్ళకూ వర్క్ పర్మిట్ ఉండాలి. 2015లో నిబంధన మార్చి, గ్రీన్‌కార్డు దారిలో కొంతదూరం వెళ్ళినవారి జీవితభాగస్వాములకు ఆ పర్మిట్ ఇవ్వడం మొదలుపెట్టారు. "ఇండియా పనే కదా, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో చేస్తే ఎవరికి తెలుస్తుంది" అనుకోవద్దు. తర్వాత వీసాకే ఎసరు రావచ్చు. ముందు లాయర్‌ని అడగండి.

ఎర కనిపిస్తే వెనక్కి తగ్గండి

ఇంట్లో కూర్చుని సంపాదించాలనుకునే ఆడవాళ్ళ మీదే మోసగాళ్ళ కన్ను. "వీడియోకి లైకు కొట్టండి, హోటలుకు రేటింగ్ ఇవ్వండి" అని మెసేజ్ వస్తుంది. మొదట నూటయాభయ్యో, మూడువందలో నిజంగానే ఇస్తారు. నమ్మకం కుదిరాక "డిపాజిట్ కడితే రెట్టింపు" అంటారు. అక్కడితో అంతా హుళక్కి!

విదేశంలో డేటా ఎంట్రీ ఉద్యోగమంటూ తీసుకెళ్ళి, మయన్మార్, కంబోడియాల్లో నిర్బంధించి సైబర్ మోసాలు చేయించిన ఉదంతాల్లో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. దీనిపై మన విదేశాంగ శాఖ 2022లోనే హెచ్చరించింది.

ఇవి గుర్తుంచుకోండి:

* పని ఇస్తామని ముందు మన దగ్గరే డబ్బు అడిగితే అది పని కాదు.

* కొత్తవాళ్ళ పని పెద్దదైతే ముక్కలుగా చేయండి. మొదటి ముక్కకు డబ్బు వచ్చాకే రెండోది.

* డబ్బు మీ పేరున ఉన్న ఖాతాలోకే రావాలి. ప్రతి పనికీ బిల్లు రాయండి. విదేశం నుంచి డబ్బు వచ్చినట్టు బ్యాంకు ఇచ్చే కాగితం దాచండి. ఇన్‌కంటాక్స్ రిటర్నులో చూపించండి.

* మోసపోయామని తెలిసిన క్షణమే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి దాచుకుంటే లాభపడేది దొంగే.

పెళ్ళయి ఊరు మారితే ఉద్యోగం మానేయడం, భర్తకి బదిలీ అయితే మళ్ళీ మానేయడం... ఇలా ఎందరి చదువులు అటకెక్కలేదూ! పారిస్ చూసినా చూడకపోయినా, ఎక్కడికి వెళ్ళినా మన వెంటే వచ్చే సంపాదన ఒకటి ఉండటం ఆడదానికి ఎంత ధైర్యం! ప్రయాణం ఏడాది ఆలస్యమైనా ఫర్వాలేదు. అక్షరాలు మాత్రం ఈ నెలలోనే మొదలుపెట్టండి.